నల్లగా ఉన్నదల్లా తీసెయ్యండి

పోయిన వారం మనం ఢిల్లీశ్వరరావుని ఫోను చెవికి ఆనించుకుని అబద్ధమాడుతుండగా వదిలేశాం. ఆ అబద్ధం పూర్తయింది. అవతలి మనిషి నమ్మింది కూడా. నమ్మకపోయి ఉంటే ఇవాళ్టి భాగం రాయాల్సిన అవసరమే నాకు ఉండేది కాదు.

ఇప్పుడే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఢిల్లీశ్వరరావుది వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. ఆ పేరు మొత్తం పలికే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు గనక ఢిల్లీ అయిపోయాడు. టెక్కలిలో ఇంజినీరింగ్ చదివి, కాశీబుగ్గలో నాగేంద్రబాబు గారి జీడిపప్పు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరాడు. రంగు చూసి పప్పు ఏరే మిషను ఆ ఫ్యాక్టరీకి వచ్చిన ఏడాది, చేత్తో ఏరే ఆడవాళ్ళందరికీ పని పోయింది. అప్పుడు ఢిల్లీకి ఓ ఆలోచన తట్టింది. మంచి ఆలోచనే, ఆ మాట ఒప్పుకోవాలి.

అంటార్కిటికా మంచులో మన పరిశోధకుల మకాం ఒకటి ఉంది. అక్కడ రాళ్ళ సందుల్లో నాచు పెరుగుతుంది. ఆ మంచు దేశానికి చెట్టన్నా తోటన్నా అదే. ఏడాదంతా కష్టపడితే గోరంచు మందం ఎదుగుతుందేమో. ఒక్కసారి బూటు కింద నలిగిందంటే, తొక్కినవాడి మనవలు ముసలివాళ్ళయ్యేదాకా ఆ అడుగు అలాగే ఉండిపోతుంది. అందుకని డ్రోను తీసిన వేలకొద్దీ ఫోటోలు కలిపి అక్కడి లోయల్ని రాయి రాయిగా కంప్యూటర్లో కట్టుకున్నారు. మంచు కరిగితే నీళ్ళు ఎటు పారతాయి, ఏ మూల నాచు బతుకుతుంది, మనుషులు ఎటు నడిస్తే దానికి దెబ్బ తగలదు, ఇవన్నీ ఆ బొమ్మలో చూసుకునే అడుగు వేస్తారు. మరి ఆ బొమ్మ సరిగ్గా ఉండాలంటే ప్రతి ఫోటోలో ఏది నాచో ఏది ఉత్త రాయో ఎవరో ఒకరు కళ్ళు పెట్టి చూసి, గీత గీసి చెప్పాలి. ఆ పని ఢిల్లీ కాశీబుగ్గకి తెచ్చాడు. పప్పు ఏరిన కళ్ళు పాచి ఏరలేవా అన్నాడు. ఫ్యాక్టరీ మేడ మీద కంప్యూటర్లు పెట్టించి, పని పోయిన ఆడవాళ్ళనే వాటి ముందు కూర్చోబెట్టాడు.

ఏడాది బాగానే గడిచింది. శుక్రవారం నాడు ఆ మంచు మకాం నుంచి అక్కడి పరిశోధకురాలు హేమ మేడమ్ ఫోన్ చేశారు. ఖాళీ అని మ్యాప్ చెప్పిన ఒక వాలు మీద, నీళ్ళు తగలగానే నల్లటి పెంకులా ఉన్నదంతా పచ్చబడుతోంది, ఎందుకలా గీశారు అని అడిగారు. "మా ఆడవాళ్ళు చదువుకోలేదు మేడమ్, కళ్ళు అలిసిపోయి ఉంటాయి" అన్నాడు ఢిల్లీ. అదీ అబద్ధం. నాగేంద్రబాబు గారు ఆ మాట పట్టుకుని, "అయితే వాళ్ళని మాన్పించెయ్, టెక్కలి నుంచి డిగ్రీ కుర్రాళ్ళని తెద్దాం" అన్నారు.

ఆ ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు చిన్నతల్లి. ఢిల్లీకి స్వయానా మేనత్త. ఎదురుపడి చెప్పే దమ్ము లేక శనివారం సాయంత్రం వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపించాడు మేనల్లుడు. "అత్తా, సరుకు తిరిగొచ్చింది. సోమవారం నుంచి ఎవరూ రావద్దు." అంతే. ఆ పైన ఫోన్ ఆపేసి, ఆదివారమంతా టెక్కలి బస్టాండులో టీ మీద టీ తాగుతూ కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే బస్సు కోసం అన్నాడు. ఎక్కడికి పోయే బస్సో వాడికే తెలియదు.

ఇంతకీ ఆ నల్లటి వాలు ఖాళీ అని ఎందుకు పడిందో మీకింకా చెప్పలేదు. చెప్తాను, తొందరపడకండి.

*

సోమవారం పొద్దున ఢిల్లీ కాశీబుగ్గ వచ్చింది మేడ మీది గదికి తాళం వెయ్యడానికి. మెట్ల దగ్గరే ఆగిపోయాడు. గోడ వారగా ఆడవాళ్ళ చెప్పులు బారుగా ఉన్నాయి. వాటిలో పిన్నీసుతో బిగించిన నీలం హవాయి జత చిన్నతల్లిది.

వెనక్కి తిరిగి పోదామనుకున్నాడు. ఒక మెట్టు దిగాడు కూడా. కింద ఫ్యాక్టరీలో ఎవరో "ఢిల్లీ బాబూ, ఈయేల లేటేటి?" అని పలకరించేసరికి దొంగలా పట్టుబడ్డట్టయి, గబగబా పైకెక్కేశాడు.

మామూలుగా ఆ గది చేపల బజారులా ఉంటుంది. సీరియల్లో కోడలు ఏం చేసిందో, ఎవరి పిల్ల ఎవరితో బస్సెక్కిందో, అన్నీ అక్కడ తేలాలి. ఇవాళ మాటే లేదు. మౌసులు టిక్కుటిక్కుమంటున్నాయి. కిటికీలో టీ ఫ్లాస్కు మూత తియ్యకుండా అలాగే ఉంది. ఒక్కరి తలలోనూ దువ్వెన పడినట్టు లేదు, ఒక్కరి కొప్పులోనూ పువ్వు లేదు.

"రా అల్లుడా" అంది చిన్నతల్లి తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. "పొద్దు పొడవకముందే వచ్చీసినాం. తలుపు తీయించినాం."

"రావద్దన్నాను కదత్తా!"

"అన్నావు. పని ఒగ్గీమన్నావు. తప్పు ఒగ్గీమన్నావేటి? తిరిగొచ్చిన సరుకు ఎవులేరతారు మరి? ఏరినోలే ఏరాల."

ఆ ఫ్యాక్టరీలో పెరిగిన పద్ధతి అది, ఢిల్లీకి తెలియనిది కాదు. మిషను రాకముందు, పంపిన డబ్బా ఎప్పుడైనా షావుకారి దగ్గర నుంచి తిరిగొస్తే, అది ఏ బల్ల మీద ఏరిన పప్పో ఆ బల్ల ఆడవాళ్ళు మళ్ళీ కూర్చునేవాళ్ళు. కూలి తీసుకునేవాళ్ళు కాదు. ఏరడం అయ్యేదాకా టీ ముట్టుకునేవాళ్ళు కాదు, తల దువ్వుకునేవాళ్ళు కాదు. యజమాని పెట్టిన రూలు కాదది. వాళ్ళ పరువు కోసం వాళ్ళే పెట్టుకున్నారు. "సరుకు తిరిగొచ్చింది" అన్న మాట వాళ్ళ చెవిన పడితే ఏమవుతుందో తెలిసి కూడా, నాలుక చివర ఏది దొరికితే అది వాట్సాప్‌లో పడేశాడు.

"మా ఆయన అడిగినాడు, కూలి నేని పనికి ఎందుకెల్తన్నావని" అంది పక్క కుర్చీలోంచి దుర్గాదేవి. "పరువు పోనాక కూలేటి అన్నాను."

"ఇవాళ మావయ్యకి డయాలసిస్ కదత్తా" అన్నాడు ఢిల్లీ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అవును. ఇదిగో ఈ కామాక్షి మొగుడి బండెక్కించి పలాస ఆసుపత్రికి పంపీసినాను. నాను ఎల్లి కూకుంటే ఇక్కడిదెవులు సేత్తారు?"

ఆసుపత్రిలో మంచం పక్కన ఆవిడ కూర్చోని రోజు ఇదే మొదటిదని ఢిల్లీకి తెలుసు. అప్పుడు చిన్నతల్లి కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఆవిడ లేచేసరికి మిగతావాళ్ళూ లేచారు. మేనల్లుడి ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

"మావల్ల నీ పేరు సెడిపోనాది. నాగేంద్రబాబు గారి కాడ నిన్ను తలొంచుకునేలాగ సేసీసినాం. మాకు సదువు నేదు, నీకుంది. నీ సదువుకి మచ్చ తెచ్చినాం. ఈ తప్పు ఒగ్గీ అల్లుడా."

చచ్చేంత సిగ్గేసింది ఢిల్లీకి. నడిబజార్లో చెప్పుతో కొట్టినా అంత సిగ్గెయ్యదు. కొడితే కనీసం తప్పించుకోవచ్చు, చెయ్యెత్తి అడ్డం పెట్టుకోవచ్చు. తప్పు చేసినవాడి ముందుకొచ్చి తప్పు ఒగ్గీమని, క్షమించమని అడిగితే వాడు మొహం ఎక్కడ పెట్టుకోవాలి? "అయ్యో, అదేంటత్తా, కూర్చో కూర్చో" అని ఆవిడ చేతులు విడదీశాడు. ఆ చేతి వేళ్ళ చివర గీతలు లేవు. ఏళ్ళ తరబడి జీడి నూనె తినేసింది. అందుకే హాజరు మిషను ఆవిడ వేలు పట్టదు, రోజూ ఆవిడ తరఫున ఢిల్లీయే తన వేలు పెడతాడు.

ఇక అసలు సంగతి చెప్తాను.

మొదటి రోజు పాఠం ఈ గదిలోనే జరిగింది. హేమ మేడమ్ పంపిన పుస్తకం ఢిల్లీ చదివాడు. చదవలేదనడానికి వీల్లేదు, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అందులో మూడు రంగుల సంగతి ఉంది. పచ్చగా ఉంటే బతికున్న నాచు. బూడిద రంగైతే రాయి. నల్లగా ఉన్నదాంతో జాగ్రత్త, అది ఎండి ముడుచుకుని నిద్రపోతున్న నాచు, చుక్క నీరు తగిలితే మళ్ళీ లేస్తుంది, దాన్ని చచ్చిందనుకోవద్దు. అంత వివరంగా రాసి ఉంది.

ఎదురుగా ఆడవాళ్ళు కూర్చున్నారు. అంతకుముందు మౌసు పట్టుకోవడం ఎరగనివాళ్ళు. ఎండి నల్లబడ్డా బతికే ఉంటుందని వీళ్ళకి ఎప్పటికి ఎక్కాలి అనుకున్నాడు. మూడు రంగులు పెడితే రోజుకి సగం ఫోటోలు కూడా తెగవనుకున్నాడు. కింద నుంచి గుప్పెడు పప్పు తెప్పించి బల్ల మీద పోశాడు. "ఇదిగో, పచ్చగా ఉన్నది తెల్ల పప్పు అనుకోండి. మిగిలింది మాడు పప్పు అనుకోండి. నల్లగా ఉన్నదల్లా తీసెయ్యండి" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఓస్, ఇంతేనా అన్నారు. "మా అల్లుడు సదువు సెప్తే రాయికైనా ఎక్కుతాది" అని చిన్నతల్లి గది మొత్తానికి వినపడేలా మురిసిపోయింది.

శుక్రవారం మేడమ్ అడగ్గానే ఢిల్లీకి ఆ గుప్పెడు పప్పు గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే అబద్ధమాడాడు. నేను వాణ్ణి వెనకేసుకు రావడం లేదు, మీరూ రావద్దు.

ఇప్పుడైనా చెప్పొచ్చు కదా? అందరూ ఎదురుగానే ఉన్నారు, నోరు తెరిస్తే చాలు. తెరిచాడు. "టీ తాగండత్తా, చల్లారిపోతుంది" అన్నాడు.

"సరుకు తేలేదాకా టీ నేదు" అంది చిన్నతల్లి. మళ్ళీ కూర్చుంది.

*

తన కుర్చీలో కూలబడి, చెయ్యడానికి ఇంకేమీ లేక ఢిల్లీ కంప్యూటర్ పెట్టాడు. అంటార్కిటికా లోయ తెర మీద విచ్చుకుంది. రోజూ చూసేదే. రాళ్ళు, వాటి నీడలు, వాటి మధ్య పచ్చటి మచ్చలు, ఖాళీ అన్న చోట బూడిద రంగు. అయితే ఇవాళ అందులో ఏదో తేడాగా ఉంది. బూడిద ఎక్కువైంది. నిన్నటిదాకా నాచు అని ఉన్న చోట్లు కూడా, కాస్త మసకగా ఉన్నవి, కాస్త గోధుమ రంగు తిరిగినవి, వాడు చూస్తుండగానే ఒక్కొక్కటీ బూడిదైపోతున్నాయి.

"అత్తా" అన్నాడు. తెర మీద వేలు పెట్టి చూపించాడు. "ఇవేటి? ఇవెందుకు తీసేత్తన్నారు?"

"ఏవి? అవా? అవి నల్లగున్నాయి కదేటి. మొన్న మా కళ్ళు తప్పిపోనాయి, ఒగ్గీసినాం. అందుకే కదా సరుకు తిరిగొచ్చీసినాది."

"గోధుమ రంగువి కూడా ఒగ్గనేదు అన్నయ్యా" అంది కామాక్షి ఉత్సాహంగా. "అనుమానం వచ్చిందల్లా తీసీసినాం. ఈపాలి మేడమ్ ఏలెట్టి సూపించనేరు."

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పుట్టి బుద్ధెరిగాక ఆ ఆడవాళ్ళ బల్ల మీదికి ఒక డబ్బా తిరిగొచ్చిందంటే ఒకే ఒక్క కారణానికి. నల్లది మిగిలిపోయింది, ఏరడం చాల్లేదు. అతిగా ఏరేశారు, నల్లవాటిని అన్యాయంగా తీసేశారు అని ఏ షావుకారూ ఏ రోజూ డబ్బా తిప్పి పంపలేదు. ఇక్కడ తప్పు ఏమిటో వాళ్ళకి చెప్పాల్సిన మనిషి వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పడేసి టెక్కలిలో టీ తాగుతూ కూర్చున్నాడు. వాళ్ళకి తెలిసిన ప్రాయశ్చిత్తం వాళ్ళు చేస్తున్నారు. మొదటిసారి చేసిన తప్పునే, ఈసారి కూలి లేకుండా, తిండీ నీళ్ళూ లేకుండా, రెట్టింపు శ్రద్ధగా చేస్తున్నారు.

"ఆపండి!" అని అరిచాడు ఢిల్లీ. "ఆపండత్తా, చేతులు తీసేయండి!"

చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ వాడి మొహంలోకి చూశారు. వాడు ఇంకో మాట అనేలోపే కంప్యూటర్ మోగింది. హేమ మేడమ్ వీడియోలో.

ఇక్కడ గీసిన గీత ఇక్కడే ఉండిపోదు. గీసింది గీసినట్టు మంచు మకాంలో ఉన్న మ్యాప్‌లో చేరిపోతుంది. ఆ ఏర్పాటు చేసింది కూడా ఢిల్లీయే. అప్పట్లో నాగేంద్రబాబు గారి ముందు దాని గురించి తెగ గొప్పలు పోయాడు.

మేడమ్ దళసరి కోటులో ఉన్నారు. వెనక కిటికీలో తెల్లటి వెలుగు. ఈ కాలంలో అక్కడ పొద్దు గూకదు. ఆవిడకి తెలుగు రాదు, మన ఆడవాళ్ళకి ఇంగ్లీషు రాదు, మధ్యలో ఉన్నది ఢిల్లీ ఒక్కడే. ఆవిడన్నవి నేను తెలుగులోనే చెప్తాను.

"ఢిల్లీశ్వర్, పొద్దుటి నుంచీ మ్యాప్ మారిపోతోంది. ఎవరు మారుస్తున్నారు? నువ్వేనా?"

ఢిల్లీ నోరు విప్పేలోపు చిన్నతల్లి వాడి భుజం పక్కనుంచి తెరలోకి తల పెట్టింది. "ఈవిడేనేటి మేడమ్? జరుగు. నాను మాటాడతాను. నువ్వు ఇంగ్లీసులో సెప్పు."

"వద్దత్తా."

"ఎందుకొద్దు? తప్పు సేసినోలు మొకం సూపించాల" అని దండం పెట్టింది. "అమ్మా, నా పేరు చిన్నతల్లి. ఈలందరికీ పెద్దదాన్ని. తప్పు మాదే. మా గుంటడు సక్కగానే సెప్పినాడు, మాకే ఎక్కనేదు. మళ్ళీ ఏరి పెడతన్నాం, కూలొద్దు. వోడి ఉజ్జోగం మాత్రం తీసీకమ్మా."

వాడు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఈవిడ పేరు చిన్నతల్లి అన్నాడు. తప్పు తమదే అంటోంది అన్నాడు. గుంటడు, అంటే తను, చక్కగానే చెప్పాడన్న చోటికి వచ్చేసరికి ఆగాడు. ఆ వాక్యం మింగేశాడు.

మేడమ్ చిన్నతల్లి మొహం చూస్తూ నెమ్మదిగా అడిగారు. "ఆవిడని ఒక్క సంగతి అడుగు. నాకు కోపం లేదని చెప్పు. నల్లటి నాచుని ఖాళీ అని పెట్టడం కళ్ళు అలిసిపోయి జరిగిందా, లేకపోతే నల్లగా కనిపించినదల్లా అలాగే పెట్టారా? అలిసిపోయి చేసిన తప్పులైతే ఏ గీత నమ్మాలో నాకు తెలియదు, ఏడాది పని మొత్తం పారేయాలి. నల్లటిదల్లా అలా పెట్టారంటే మాత్రం గంటలో నల్లటివన్నీ నాచు అని తిరగేసి సరిచేస్తాను. అలాగైతే ఎవరు చెప్పారు అలా పెట్టమని?"

ఢిల్లీ అడిగాడు. అడగక తప్పలేదు. "అత్తా, నల్లటివన్నీ తీసెయ్యమని మీకు ఎవరు చెప్పారు అని అడుగుతున్నారు."

చిన్నతల్లి వింతగా చూసింది. "ఎవులు సెప్పేదేటి? నల్లటిది తియ్యడానికి ఒకలు సెప్పాలేటి? లంగాలు కట్టిన కాడ్నించీ అదే కదా మా పని."

ఆవిడకి నిజంగానే గుర్తు లేదు. ఆ గుప్పెడు పప్పూ, మేనల్లుడి పాఠమూ ఆవిడ చేతుల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటులో కలిసిపోయాయి. ఇప్పుడు ఢిల్లీ చెయ్యాల్సింది ఒక్కటే. ఆవిడన్న మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే చాలు. అక్షరం కూడా అబద్ధం ఉండదు. మేడమ్‌కి కావలసిన జవాబు దొరుకుతుంది, నాచు బతుకుతుంది, వాడు గట్టెక్కుతాడు. మునిగేది ఈ ఆడవాళ్ళు మాత్రమే. వాళ్ళు ఎలాగూ మునిగే ఉన్నారు, శనివారమే ముంచాడు కదా.

ఆ ఆలోచన వచ్చింది. రాలేదని నేననను. నాలుక మీదికి కూడా వచ్చింది. "ఆవిడ అనేదేమంటే మేడమ్..." అని మొదలుపెట్టాడు.

"అయ్యో, మొకం సూడు, ఎలగ సెమట పట్టీసిందో" అంది చిన్నతల్లి. మేడమ్ చూస్తున్నారనైనా లేదు, చీర చెంగు తీసి వాడి నుదురు, చెంపలు, మెడ తుడిచింది. చిన్నప్పుడు తీర్థంలో తప్పిపోయి దొరికినప్పుడు తుడిచినట్టే తుడిచింది. "బయపడకు. ఉన్నదున్నట్టు సెప్పీ. నాను ఉన్నాను కదా."

ఇక వాడి వల్ల కాలేదు.

"నేనే చెప్పాను మేడమ్" అన్నాడు ఇంగ్లీషులో. "నల్లగా ఉన్నదల్లా తీసెయ్యమని మొదటి రోజు నేనే చెప్పాను. నల్లటిది నిద్రపోతోందని మీరు రాసింది నేను చదివాను. వీళ్ళకి అర్థం కాదనుకుని చెప్పలేదు. వీళ్ళ కళ్ళు ఎప్పుడూ అలిసిపోలేదు. నేను చెప్పింది పొల్లు పోకుండా చేశారు. శుక్రవారం మీతో అబద్ధమాడాను. వీళ్ళకి తప్పు ఏమిటో కూడా చెప్పలేదు. అందుకే ఇప్పుడు మిగిలినవి కూడా తీసేస్తున్నారు."

పరాయి భాష గనక నోరు పెగిలింది. చెప్పేసరికి ఒళ్ళు తేలికైనట్టు కూడా అనిపించింది. అబద్ధం కక్కేశాను, ఇక మేడమ్ తిట్టనీ, నాగేంద్రబాబు గారు గెంటనీ, గంటలో మ్యాప్ సరైపోతుంది, ఈ ఆడవాళ్ళ పని నిలబడుతుంది అనుకున్నాడు.

"ఈ మాట శుక్రవారం చెప్పి ఉంటే" అన్నారు మేడమ్, "శనివారానికి మార్చేసి ఉండేదాన్ని."

"ఇప్పుడు మార్చండి మేడమ్. గంటే కదా అన్నారు."

"ఇవాళ పొద్దున్న మకాంకి నీళ్ళ గొట్టాలు వేసే ట్రాక్టర్లు బయల్దేరాయి ఢిల్లీశ్వర్. ఆ నల్లటి వాలు మీంచి పోనివ్వలేదు నేను. పచ్చబడటం నా కళ్ళతో చూశాను కదా. పక్క లోయలోంచి తిప్పి పంపాను."

"మంచిదే కదా మేడమ్..."

"ఆ లోయలో నిన్నటిదాకా సగం నాచు ఉందని చూపించింది మ్యాప్. పొద్దున్న చూస్తే ఖాళీ అని మారి ఉంది. మీవాళ్ళు రాత్రంతా ఆలోచించి తప్పులు దిద్దుతున్నారు కాబోలు అనుకున్నాను. ఆ దిద్దుబాటు నమ్మి పంపాను."

"వైర్‌లెస్‌లో చెప్పి ఆపించండి మేడమ్" అన్నాడు ఢిల్లీ.

"కొండ వెనక్కి పోయాక వైర్‌లెస్ పలకదు" అంటూనే మేడమ్ లేచి నిలబడ్డారు. చేతి తొడుగులు వెతుక్కుంటున్నారు. "నేనే వెనకాల పోవాలి. అందుకుంటానో లేదో తెలియదు." తెరలో గోడ కనిపించింది, తలుపు కనిపించింది, కళ్ళు జిగేలుమనే తెల్లటి వెలుగు ఒక్కసారి గదిలోకి వచ్చింది. ఆపైన బొమ్మ పోయింది.

మేడ మీద గదిలో ఫ్యాను తిరుగుతోంది. కుర్చీల్లోంచి ఆడవాళ్ళందరూ లేచి ఢిల్లీ చుట్టూ చేరారు. వాళ్ళకి వినపడింది ఇంగ్లీషు, కనపడింది మేడమ్ గబగబా లేచి పోవడం. వాడు అంతసేపు ఇంగ్లీషులో చెప్పిన నిజం ఆ గదిలో ఒక్కరికీ చేరలేదు. అది మళ్ళీ చెప్పాలి, ఈసారి అత్త భాషలో, ఆవిడ మొహంలోకి చూస్తూ చెప్పాలి. శుక్రవారం అబద్ధం ఒక్కటే అయితే ఎలాగో చెప్పేవాడు. ఇవాళ పొద్దున్న పస్తులుండి వాళ్ళు చేసిన పనే ట్రాక్టర్లని నాచు మీదికి తోలిందని ఏ నోటితో చెప్తాడు?

"అంత బేగి లెగిసెల్లిపోనాదేటి?" అంది దుర్గాదేవి.

"తొందరేటో ఉన్నట్టుంది" అంది చిన్నతల్లి. మేనల్లుడి మొహం చూసింది, ఏమనుకుందో, వాడి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "ఏడుత్తన్నావేటిరా ఎర్రోడా. తిట్టనేదు కదా ఆ తల్లి? మొకంలో కోపం కూడా నేదు, నాను సూసినాను."

కామాక్షి అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్ళి ఫ్లాస్కు మూత మీద చెయ్యి పెట్టింది.

"ఉండవే" అని దాన్ని ఆపి, చిన్నతల్లి మేనల్లుడి వైపు తిరిగింది. "ఏటన్నాది అల్లుడా? ఈపాలి బాగా ఏరినామన్నాదేటి? టీ తాగమంతావా?"